మీ పవర్ స్టేషన్ పగలు ఎన్నింటికి నిండుతోంది? అదనపు బ్యాటరీ సంగతి ఆ తర్వాత

అడిగినాయన శ్రీకాకుళం జిల్లా కంచిలి వైపు వారు. టూకీగా సంగతి ఇది. ఇంట్లో 1024 వాట్ అవర్ల (వెయ్యి వాట్ అవర్లంటే ఒక యూనిట్) పోర్టబుల్ పవర్ స్టేషన్ ఉంది, అంటే బ్యాటరీ, ఇన్వర్టరు ఒకే పెట్టెలో ఉండేది, దానికి 200 వాట్ల మడత ప్యానెల్ ఒకటి. కరెంటు పోయిన రాత్రి రెండు సీలింగ్ ఫ్యాన్లు, 190 లీటర్ల ఫ్రిజ్, రెండు లైట్లు, వైఫై పెడితే పదకొండు దాటకుండానే స్టేషన్ చేతులెత్తేస్తోంది. కంపెనీవాళ్ళ ఎక్స్‌పాన్షన్ బ్యాటరీ కొనాలా, లేక పాత ఇన్వర్టర్ తాలూకు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ (లెడ్-యాసిడ్ రకం) ఊరికే పడుంది కదా, దాన్నే కలిపేయొచ్చా? ఊళ్ళో ఎలక్ట్రీషియన్ "కలిపేద్దాం, ఏటవుతాది" అంటున్నాడట. బ్యాటరీ పెరిగితే అరహెచ్‌పీ మోటారు కూడా లాగుతుందా అని చివర్లో ఇంకో ప్రశ్న.

నాది పలాస-కాశీబుగ్గలో ఇన్వర్టర్లు, సోలార్ పని. పంతొమ్మిదేళ్ళుగా ఇదే. పవర్ స్టేషన్లు మా చేతికి రావడం ఈ నాలుగైదేళ్ళలోనే, కానీ వచ్చినవాటిలో సగం ఇదే ప్రశ్నతో వచ్చాయి.

సూటిగా చెప్తాను. మీ మోడల్‌కి ఎక్స్‌పాన్షన్ పోర్టు ఉండి, ఆ మోడల్‌కి పనికొస్తుందని అదే కంపెనీ చెప్పిన ప్యాక్ అయితే నిరభ్యంతరంగా పెట్టుకోండి. ట్యూబులర్ బ్యాటరీని స్టేషన్ లోపలి బ్యాటరీకి కలపొద్దు, ఎవరు చెప్పినా సరే. మోటారు తిరగదు. మీరడిగిన మూడింటికీ జవాబు ఇంతే. అడగనిది ఒకటి నేనే చెప్తాను: మీరు రాసిన లెక్క చూస్తే ముందు మార్చాల్సినవి ఫ్యాన్లు, తర్వాత ప్యానెల్. బ్యాటరీ మూడోది. ఆ రెండూ మారిస్తే బహుశా దాని అవసరమే పడదు.

అసలు ఎక్స్‌పాన్షన్ బ్యాటరీ అంటే ఏమిటో మన ఊరి భాషలో చెప్పుకుందాం. స్టేషన్ అంటే చెరువు. లోపలికొచ్చే గెడ్డ ప్యానెల్. బయటికి వదిలే మదుం ఇన్వర్టరు. ఎక్స్‌పాన్షన్ ప్యాక్ పెట్టడమంటే చెరువుని లోతు చేయించడం. లోతు తవ్వించినంత మాత్రాన మదుం పెద్దదవదు, గెడ్డలో నీళ్ళూ పెరగవు. మా దగ్గరికొచ్చే గొడవలన్నీ ఈ ఒక్క ముక్క తెలీకే.

ఉదాహరణకి ఈకోఫ్లో డెల్టా 2 తీసుకోండి. ఒంటరిగా 1024 వాట్ అవర్లు. దాని సొంత ప్యాక్ తగిలిస్తే 2048, పెద్దదైన డెల్టా మ్యాక్స్ ప్యాక్ తగిలిస్తే 3040. కానీ ఏసీ ఔట్‌పుట్ మొదట్లో 1800 వాట్లు, ప్యాక్ పెట్టాక కూడా 1800 వాట్లే. సోలార్ ఇన్‌పుట్ 500 వాట్లు, అదీ అంతే. బ్లూటీ ఏసీ200మ్యాక్స్ 2048తో మొదలై రెండు పెద్ద ప్యాకులతో 8192 దాకా పోతుంది, ఔట్‌పుట్ మాత్రం 2200 దగ్గరే ఆగుతుంది. కొన్ని పెద్ద మోడళ్ళలో రెండు స్టేషన్లని జంటగా కలిపి ఔట్‌పుట్ పెంచుకునే వీలుంటుంది. అది వేరే సరుకు, వేరే ధర.

మీ రాత్రి లెక్క చూద్దాం. రాత్రి ఏడు నుంచి పొద్దున్న అయిదు, పది గంటలు అనుకుందాం. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది. రెండు ఫ్యాన్లు పది గంటలు తిరిగితే 1500 వాట్ అవర్లు. ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ 350. తొమ్మిది వాట్ల లైట్లు రెండు అయిదు గంటలకి 90. రూటర్ 100. మొత్తం 2040. మరి స్టేషన్ ఇచ్చేదెంత? పెట్టె మీద 1024 అని రాసినా, డీసీని ఏసీ చేసే దగ్గర పోగా ప్లగ్గు దగ్గర మీకు దక్కేది 85 శాతం, అంటే 870. మీరు చెప్పిన రాత్రి పదకొండుకి లెక్క సరిగ్గా సరిపోయింది. స్టేషన్‌లో ఏ లోపమూ లేదు.

ఇప్పుడు ఇంకో 1024 ప్యాక్ పెట్టామనుకోండి. దక్కేది 1740. కావాల్సింది 2040. అన్ని వేలు పోసి కొన్నాక తెల్లవారుజామున మూడున్నరకి మళ్ళీ చెమటలే.

దాని బదులు ఆ రెండు ఫ్యాన్లూ తీసి బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే తక్కువ కరెంటుతో తిరిగే రకం మోటారున్నవి, పెట్టండి. ఫుల్ స్పీడులో 30 వాట్ల చిల్లర, మధ్య స్పీడులో ఇంకా తక్కువ. రెండూ పది గంటలకి 600. అంటే 900 వాట్ అవర్లు మిగిలాయి. ఎక్స్‌పాన్షన్ ప్యాక్ ఇచ్చేది 870. రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఒక ఎక్స్‌పాన్షన్ బ్యాటరీతో సమానం. ఒక్కోటి మూడు వేలకి అటూ ఇటూ దొరుకుతుంది, పైగా కరెంటున్న రోజుల్లో కూడా బిల్లు తగ్గిస్తుంది. బ్యాటరీ ఆ పని చెయ్యదు. ఈ మాట చెప్పి నేను పోగొట్టుకున్న బ్యాటరీ బేరాలు చాలానే ఉన్నాయి, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఫ్రిజ్ కూడా రాత్రి ఆపేయండి. పగలు ఎండుండగా ప్యానెల్ ఇచ్చే కరెంటుతో స్టేషన్ మీద నడిచేలా పెట్టుకుని, ఫ్రీజర్లో నీళ్ళ సీసాలు గడ్డకట్టించి, రాత్రి ఏడింటికి తీసేస్తే, తలుపు ఊరికే తియ్యకపోతే పొద్దున్నకి పాలు విరగవు. అప్పుడు రాత్రి ఖర్చు ఫ్యాన్లు 600, లైట్లు 90, రూటర్ 100, మొత్తం 790. మీ దగ్గరున్న 870లో సరిపోయింది. ఇంకో కిటుకు: రూటర్ చాలావరకు 12 వోల్టుల డీసీదే. స్టేషన్ 12 వోల్టుల పోర్టు నుంచి నేరుగా వైరు పెడితే ఆ మేరకు ఇన్వర్టరు నష్టం తప్పుతుంది. ఏసీ బటన్ ఊరికే ఆన్‌లో ఉంచితే ఏమీ తగిలించకపోయినా పది నుంచి ఇరవై వాట్లు తింటూనే ఉంటుంది. ఫోన్లు, రూటర్ మాత్రమే నడిచే పూట ఆ బటన్ ఆపండి.

ఇక ప్యానెల్. మీ 200 వాట్ల మడత ప్యానెల్ మిట్టమధ్యాహ్నం కూడా 130, 150 దాటి ఇవ్వదు. పెట్టె మీద అంకె ల్యాబ్‌లో కొలిచింది, మన డాబా మీద వేడికి, అరుగు మీద వాలుగా వేసి ఉంచే కోణానికి అది రాదు. మంచి ఎండ రోజున మొత్తం 600, 700 వాట్ అవర్లు వస్తే గొప్ప. అంటే ఇప్పుడున్న 1024నే అది ఒక్క రోజులో నింపలేదు. ఎక్స్‌పాన్షన్ పెట్టి 2048 చేస్తే, ఒక్క లైటు కూడా వెయ్యకుండా మూడు రోజులు ఎండలో పెట్టాలి. ఈ లెక్క షాపులో అమ్మేవాళ్ళు చెప్పరు.

అందుకే నా దగ్గరికొచ్చే ప్రతివాళ్ళనీ ముందు ఒకటే అడుగుతాను. కరెంటు ప్లగ్గు తీసేసి ఎండ మీదే నడిపితే మీ స్టేషన్ పగలు ఎన్నింటికి 100 చూపిస్తోంది? మధ్యాహ్నం పన్నెండుకే నిండిపోతుంటే, మిగతా ఎండంతా వృథాగా పోతోందన్నమాట, అప్పుడు బ్యాటరీ కొనండి, ప్రతి రూపాయీ పనికొస్తుంది. సాయంత్రానికి 60, 70 దగ్గరే ఆగుతుంటే మీకు కావాల్సింది ప్యానెల్. నాలుగు రోజులు కాగితం మీద రాసి చూడండి. నా చేత కొనిపించుకునేవాళ్ళకి కూడా ఈ కాగితం తెమ్మంటాను.

ప్యానెల్ కొంటే మడతది ఇంకోటి వద్దు. గట్టి ప్యానెల్, 540 వాట్లది ఒక్కటి వేసుకోండి. ఎత్తు ఏడున్నర అడుగులు, వెడల్పు మూడుముప్పావు అడుగులకి దగ్గర, బరువు ఇరవై ఎనిమిది కిలోల దాకా ఉంటుంది. ఇద్దరు మనుషులుంటే దించొచ్చు. మంచి ఎండకి రోజుకి రెండు యూనిట్ల పైన ఇస్తుంది. దాని ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి, అంటే దేనికీ తగిలించనప్పుడు ఉండే వోల్టేజి, 49, 50 ప్రాంతం. మీ స్టేషన్ వెనక స్టికర్ మీద సోలార్ ఇన్‌పుట్ 11 నుంచి 60 వోల్టులు అని ఉంటే ఒక్క ప్యానెల్ చక్కగా సరిపోతుంది. శీతాకాలం పొద్దున్న వోల్టేజి కొద్దిగా పెరుగుతుంది, మన దగ్గర చలికి ఒకటి రెండు వోల్టులు మించదు, భయం లేదు.

ఇక్కడే ఒక పెద్ద ప్రమాదం. రెండు ప్యానెళ్ళని సీరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్సుని రెండోదాని మైనస్సుకి పెడితే వోల్టేజి రెట్టింపవుతుంది. టెక్కలి వైపు ఒక మాస్టారుగారు యూట్యూబ్ చూసి రెండు 540లని సీరీస్‌లో పెట్టి 60 వోల్టుల పోర్టుకి ఇచ్చారు. పొగ రాలేదు, వాసన రాలేదు. లోపల "టిక్" మని ఒక్క చప్పుడు. ఆ తర్వాత ఇన్‌పుట్ దగ్గర వాట్లు సున్నా, మళ్ళీ ఎప్పుడూ సున్నా. బోర్డు మార్చాల్సి వచ్చింది, వారంటీ ఒప్పుకోలేదు. ఆంప్స్ ఎక్కువైతే స్టేషన్ తనకి కావాల్సినంతే తీసుకుని మిగతాది వదిలేస్తుంది. వోల్టులు ఎక్కువైతే చచ్చిపోతుంది. రెండు ప్యానెళ్ళు వెయ్యాలనుంటే ప్యారలల్‌లో వెయ్యండి, ప్లస్సుకి ప్లస్, మైనస్సుకి మైనస్. తగిలించేముందు మల్టీమీటరు పెట్టి వోల్టులు చూడండి. రెండు వందల రూపాయల మీటరు చాలు.

ఇప్పుడు ట్యూబులర్ సంగతి. మీ ఎలక్ట్రీషియన్ని తప్పు పట్టను. ఇన్వర్టర్లలో బ్యాటరీ పక్కన బ్యాటరీ కలపడం మేమందరం చేసిన పనే. కానీ ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎందుకో ఒక కేసు చెప్తాను.

పోయినేడాది సముద్రం వార రొయ్యల చెరువుల దగ్గర కాపలా షెడ్డు నుంచి ఒక స్టేషన్ తెచ్చారు. అది ఎనిమిది సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేటు, 25.6 వోల్టులది. ఎవరో దాని అడుగు మూత విప్పి, లోపలి సెల్లుల చివరి బిళ్ళలకి నేరుగా దళసరి వైర్లు సోల్డరింగు చేసి, పక్క కన్నంలోంచి బయటికి తీసి, రెండు 12 వోల్టుల ట్యూబులర్లని సీరీస్‌లో పెట్టి కలిపారు. 24 అక్కడా 24 ఇక్కడా, సరిపోయిందనుకున్నారు. నేను విప్పేసరికి నీలం తొడుగు కరిగి సెల్లుకి అంటుకుపోయింది, నికెల్ పట్టీ ఒక చివర నల్లగా మాడి అగ్గిపుల్లలా వంగిపోయింది. స్క్రీన్ మీద 63 శాతం. లోడు పెట్టగానే 63 నుంచి తిన్నగా సున్నా.

జరిగిందేమిటంటే, ఈ రకం లిథియం నిండినా సగమైనా 26 వోల్టులకి దగ్గరగానే నిలబడుతుంది. లెడ్ బ్యాటరీ జత పూర్తిగా నిండి విశ్రాంతిగా ఉన్నా 25 న్నర. కలిపిన క్షణం నుంచీ లిథియం తన దగ్గరున్నది లెడ్‌లోకి పోస్తూనే ఉంటుంది. లిథియానికి లోపలి నిరోధం చాలా తక్కువ, లెడ్ బ్యాటరీ దిగిపోయి ఉంటే కలిపిన మొదటి క్షణంలోనే పదుల ఆంప్స్ పారతాయి, నిప్పు రవ్వ లేస్తుంది. ఇంకో పక్క లెడ్‌కి ఛార్జింగుకి కావాల్సిన పద్ధతి వేరు, అది ఎన్నడూ పూర్తిగా నిండదు, లోపలి ప్లేట్లకి సల్ఫేటు పట్టి ఆరు నెలల్లో పోతుంది. వీటన్నిటికన్నా చెడ్డది, సెల్లులకి నేరుగా కలిపితే బీఎంఎస్, అంటే సెల్లులకి కాపలా కాసే బోర్డు, కళ్ళు కట్టేసినట్టే. ఎంత వస్తోంది ఎంత పోతోంది దానికి తెలీదు. అందుకే ఆ 63. కాపాడాల్సిన సమయంలో అది కాపాడలేదు కూడా. మీ 1024 మోడల్‌లో చాలావాటికి పదహారు సెల్లులుంటాయి, అంటే 51.2 వోల్టులు. దానికి మీ 12 వోల్టుల బ్యాటరీ కలపడమంటే ఏమవుతుందో నేను వివరించనక్కర్లేదు.

మరి ట్యూబులర్‌ని ఏం చెయ్యాలి? 12 వోల్టులు, 150 ఏహెచ్, అంటే 1800 వాట్ అవర్లు. లెడ్‌ని సగానికి మించి దించకూడదు కాబట్టి 900 అనుకోండి. ఇంకా బతికుంటే పారేయాల్సిన సరుకేం కాదు. తేలికైన దారి ఏమిటంటే, బ్యాటరీలు కలపకండి, లోడ్లు విడగొట్టండి. పాత ఇన్వర్టర్ పనిచేస్తుంటే దాని మీద ఒక గది ఫ్యాను, లైటు నడవనివ్వండి. స్టేషన్ మీద మిగతావి. రెండిటికీ ఎక్కడా వైరు కలవదు, ఎవరి బ్యాటరీ వాళ్ళది.

ఇంకో దారి ఉంది, చేతకానివాళ్ళు పెట్టుకోవద్దు. ట్యూబులర్‌ని స్టేషన్ కార్ ఛార్జింగు పోర్టుకి, అంటే 12 వోల్టుల ఇన్‌పుట్‌కి, దాని కేబుల్‌తోనే ఇవ్వొచ్చు. స్టేషన్ దాన్ని కారు బ్యాటరీ అనుకుని మామూలుగా ఎనిమిది ఆంప్స్, అంటే వంద వాట్లు తీసుకుంటుంది. రాత్రంతా నెమ్మదిగా వంద వాట్లు వచ్చి చేరతాయి. ఇది స్టేషన్‌కున్న సొంత ఇన్‌పుట్ దారే, లోపల ఏదీ విప్పక్కర్లేదు. కానీ బ్యాటరీ టెర్మినల్ పక్కనే 15 ఆంప్స్ ఫ్యూజు ఉండాలి. లో-వోల్టేజి కటాఫ్ ఒకటి పెట్టి, బ్యాటరీ మరీ దిగకుండా అక్కడే ఆపాలి. అది లేకపోతే స్టేషన్ పీల్చి పిప్పి చేసి వదిలిపెడుతుంది, ట్యూబులర్ మళ్ళీ లేవదు.

మోటారు గురించి. ఒక పెద్దాయన ప్యాక్ కొనుక్కుని వారం తర్వాత వచ్చి "ఏటి బాబూ, అంత డబ్బెట్టినాను, మోటారు గుంయ్‌మని ఆగిపోతాది" అన్నారు. అరహెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు 600 వాట్లే, కానీ లేచేటప్పుడు ఒక్క క్షణం దానికి అయిదారు రెట్లు అడుగుతుంది. స్టేషన్ ఓవర్‌లోడ్ అని ఆపేస్తుంది. చెరువు లోతు ఎంతైనా, మదుం అంతే కదా. తుపాను హెచ్చరిక రాగానే మేడ మీద ట్యాంకు నింపేసుకోవడం మోటారుకి అసలైన బ్యాకప్.

తుపాను అన్నాను కాబట్టి ఒక మాట. మన జిల్లాలో ఈ పెట్టెలు అమ్ముడుపోయేదే ఆ భయం మీద. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే. తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది. వజ్రపుకొత్తూరు మండలంలో మా ఊరికి పదకొండో రోజున కరెంటొచ్చింది. అప్పటికి మా ఇంట్లో రెండు ట్యూబులర్ల ఇన్వర్టరు, ఊరందరికీ అమ్మేవాణ్ణి కదా, దర్జాగా ఉండేది. రెండో రోజు మధ్యాహ్నానికి అది పెట్టె మాత్రమే. నింపే దారి లేదు. కొబ్బరి చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి, జనరేటరుకి పెట్రోలు లేదు. ఎదురింటి కుర్రాడు ట్రాక్టరు బ్యాటరీ మీద ఫోన్లు ఛార్జింగు పెట్టి ఊరిని బతికించాడు. బ్యాటరీ ఎంత పెద్దదైనా నింపే దారి లేకపోతే ఒక రోజు ఆలస్యంగా ఆరిపోతుంది, అంతే. నేను ప్యానెల్, ప్యానెల్ అని గొణిగేది అందుకు.

తుపాను రోజుల్లో మబ్బుకి ప్యానెల్ పదో ఇరవయ్యో శాతం ఇస్తుంది, గాలి ఎక్కువుంటే అసలు పైన ఉంచకూడదు. అందుకని ప్యానెల్‌ని శాశ్వతంగా బిగించేయకుండా, చేత్తో తిప్పే రెక్క నట్లతో బిగించండి. హెచ్చరిక రాగానే దించి, ఇంట్లో గోడకి గ్లాసు వైపు లోపలికి పెట్టి నిలబెట్టండి. వెనక దుప్పటి వెయ్యండి. గాలి ఆగిన మర్నాడు మళ్ళీ పైకి. మామూలు రోజుల్లో లిథియాన్ని సగం పైన ఉంచి నిల్వ చెయ్యడం దానికి మంచిదే కానీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర 100లోనే ఉంచండి. రెండు శాతం ఆయుష్షు తగ్గితే తగ్గనివ్వండి.

చిన్న జనరేటరుతో నింపాలనుకుంటే యాప్‌లో ఛార్జింగు వేగం 400, 500 వాట్లకి తగ్గించుకోండి. ఫుల్ స్పీడులో పెడితే 1 కేవీఏ జనరేటరు ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. ఇంట్లో ప్లగ్గు నుంచి వేగంగా నింపేటప్పుడు కూడా 16 ఆంప్స్ సాకెట్టే వాడండి.

ఒక పని మాత్రం చచ్చినా చెయ్యొద్దు: రెండు చివర్లా మగ ప్లగ్గున్న వైరు చేసి స్టేషన్ నుంచి గోడ సాకెట్టుకి ఇవ్వడం. ఇల్లంతా ఒకేసారి వెలుగుతుందని కొందరు చేస్తారు. మెయిన్ ఆపడం మరిచిపోతే ఆ కరెంటు సర్వీసు వైరు గుండా బయటికి పోతుంది, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర దాని వోల్టేజి ఎన్నో రెట్లు పెరుగుతుంది. తుపాను తర్వాత మన కోసం స్తంభం ఎక్కి వర్షంలో పనిచేసే ఈపీడీసీఎల్ లైన్‌మెన్ చేతిలో ఉండేది ఆ వైరే. ఇల్లు మొత్తం కావాలంటే ఛేంజోవర్ స్విచ్ (లైను, స్టేషన్ రెండిట్లో ఒక్కదాన్నే ఇంటికి కలిపేది) వేయించుకోండి, లేదా ఎక్స్‌టెన్షన్ బోర్డు వైరు లాగి నాలుగు వస్తువులకే ఇచ్చుకోండి.

ఇంత చెప్పాక, ఎక్స్‌పాన్షన్ ప్యాక్ ఎవరికి నిజంగా కావాలి అంటే, మందస వైపు ఒక రిటైరైన పెద్దాయన ఇల్లు గుర్తొస్తుంది. ఆయనకి రాత్రి ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ పెట్టాలి. అయిదు లీటర్లది, 330 వాట్లు ఆగకుండా లాగుతుంది. ఒక్క 1024 స్టేషన్ మీద రెండున్నర గంటలే. ఫ్యాను మార్చినట్టు దాన్ని మార్చలేం, ఆపలేం. అక్కడ నేను మొదటి రోజే రెండు ప్యాకులు పెట్టించాను, మొత్తం 3000 పైచిలుకు. ఎనిమిది గంటలకి దగ్గరగా వస్తుంది. డాబా మీద రెండు పెద్ద ప్యానెళ్ళు ప్యారలల్‌లో. అయినా పక్కన ఒక ఆక్సిజన్ సిలిండరు నిండుగా ఉండాల్సిందేనని ఇంట్లోవాళ్ళకి చెప్పాను, పెద్ద అమ్మాయి డేటు రాసి అతికించింది కూడా.

మీరూ చివరికి ప్యాకే కొంటే కొన్ని జాగ్రత్తలు. కనెక్టరు ఒకేలా ఉంది కదాని వేరే కంపెనీ ప్యాక్ తేవద్దు. ఆ కేబుల్‌లో దళసరి తీగలతో పాటు సన్న తీగలు కూడా ఉంటాయి, స్టేషను, ప్యాకు మాట్లాడుకునేది వాటి మీదే. భాష కలవకపోతే గుర్తించదు, లేదా ఎర్రర్ చూపిస్తుంది. కలిపేముందు రెండూ ఆపేసి కేబుల్ "క్లిక్" మనేదాకా లోపలికి నొక్కండి. సగం కూర్చున్న కనెక్టరే వేడెక్కి కరుగుతుంది. యాప్‌లో అప్‌డేట్ అడిగితే అప్పుడే చేసేయండి. మొదటి రెండు మూడు సార్లు శాతం అంకె గెంతులేస్తుంది, ఒకసారి పూర్తిగా నింపి పూర్తిగా దించితే కుదురుకుంటుంది. చాలా ప్యాకులకి సొంత ఇన్వర్టరు ఉండదని కూడా గుర్తుంచుకోండి. స్టేషన్ పాడైతే ప్యాక్ ఒక్కటే ఫ్యాను తిప్పలేదు.

రేకుల ఇల్లయితే అటక మీద పెట్టకండి, ఏప్రిల్, మే నెలల్లో అక్కడ వేడి 45 డిగ్రీలు దాటుతుంది, ఛార్జింగు దానంతటదే ఆగిపోతుంది. నేల మీదా వద్దు, నీళ్ళొస్తే పోతుంది. నడుమెత్తు బల్ల మీద, గోడకి జానెడు దూరంలో. మీది ఉద్దానం కాబట్టి ఉప్పు గాలి. వాడని పోర్టులకి రబ్బరు మూతలు తియ్యకండి, ఆర్నెల్లకోసారి కనెక్టరు పిన్నులు చూడండి. పచ్చగా బూజులా కనిపిస్తే కాంటాక్ట్ క్లీనరు కొట్టి ఆరనివ్వండి.

ఇంకోటి, మన వైపు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్ళు లేని ఇల్లుండదు. అక్కడ చవకని ప్యాక్ సూట్‌కేసులో పెట్టుకు రమ్మనకండి. విమానంలో 100 వాట్ అవర్ల దాకానే మామూలుగా ఒప్పుకుంటారు, ఎయిర్‌లైన్ అనుమతిస్తే 160. మీది ఆ వందకి పదింతలు. అమెరికా స్టేషన్ అయితే 120 వోల్టులు ఇస్తుంది, మన ఫ్యాను దాని మీద సగం ప్రాణంతో తిరుగుతుంది.

స్టేషన్ వెనక స్టికర్ ఫోటో ఒకటి పెట్టండి, సోలార్ ఇన్‌పుట్ వోల్టులు కనిపించేలా. ట్యూబులర్ వయసెంతో, పాత ఇన్వర్టరు ఇంకా నడుస్తోందో లేదో కూడా రాయండి. మూడేళ్ళ లోపుదైతే ఎలా వాడుకోవాలో వైరింగు బొమ్మ గీసి పెడతాను, ఏడెనిమిదేళ్ళదైతే షాపులో పాతదిచ్చి కొత్తది తీసుకునే బేరంలో వేసేయండి. ఆ నాలుగు రోజుల కాగితం మాత్రం మరిచిపోకండి, ఎన్నింటికి ఎంత శాతమో.